డిమెన్షియా రోగులను చూసే ఆసుపత్రికి ఏ ఎలక్ట్రానిక్ రికార్డు తగినది?

ఆసుపత్రికి ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డును ఎంచుకునే సమావేశాల్లో చర్చంతా బిల్లింగు, ల్యాబు రిపోర్టులు, ఫార్మసీ, బీమా క్లెయిముల చుట్టూనే నడుస్తుంది. కంపెనీ ప్రతినిధి డెమోలో చూపించే రోగి తన పేరు, వయసు, వాడుతున్న మందులు, నొప్పి ఉన్న చోటు అన్నీ తానే చెప్పగలిగిన మనిషి. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి క్రమంగా తగ్గే జబ్బు, ఉన్న రోగి ఆ డెమోలో ఉండడు, వార్డుల్లో మాత్రం ఉంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.7 కోట్ల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారు, ఏటా దాదాపు కోటి మంది కొత్తగా దీని బారిన పడుతున్నారు. వీరిలో ఎక్కువమంది ఆసుపత్రిలో చేరేది మతిమరుపు కోసం కాదు. తుంటి ఎముక విరిగో, న్యుమోనియా వచ్చో, మూత్రంలో ఇన్ఫెక్షన్ సోకో చేరతారు. అందువల్ల ఈ ఎంపికను మెమరీ క్లినిక్‌కు మాత్రమే సంబంధించిన చిన్న విషయంగా చూడకూడదు. ఆర్థోపెడిక్ వార్డు, సర్జికల్ వార్డు, అత్యవసర విభాగం అన్నీ ఇందులో భాగమే.

మామూలు రోగి కేస్ షీట్‌లో ఖాళీ కనిపిస్తే డాక్టరు రోగినే అడిగి నింపుకుంటారు. డిమెన్షియా రోగి దగ్గర ఆ వెసులుబాటు ఉండదు, ఉన్నా పూర్తిగా నమ్మడానికి వీలుండదు. రికార్డులో లేని సమాచారం ఆ రోగి విషయంలో అసలు లేనట్టే లెక్క. కనుక ఏ రెండు వ్యవస్థలను పోల్చినా నేను మొదట వేసే ప్రశ్న ఒక్కటే: ఈ రోగిని జీవితంలో మొదటిసారి చూస్తున్న నైట్ షిఫ్టు నర్సుకు, కుటుంబ సభ్యులెవరూ పక్కన లేని సమయంలో, కావలసిన విషయం వెతుక్కోకుండా కనిపిస్తుందా? మిగిలిన ప్రమాణాలన్నీ దీని తరువాతే.

మార్కులను ఎంతవరకు నమ్మాలి

వాడుక సౌలభ్యం అన్న మాటను కంపెనీలు తమకు అనుకూలంగా వాడుకుంటాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) వారి 9241-11 ప్రమాణం దీన్ని మూడు భాగాలుగా చూస్తుంది: పని సరిగా పూర్తవుతోందా, ఎంత శ్రమతో పూర్తవుతోంది, వాడేవారు తృప్తిగా ఉన్నారా. మూడవ భాగాన్ని కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ రూపొందించిన పది ప్రశ్నల సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. ఇందులో 100కి 68 వస్తే సగటు. అమెరికా డాక్టర్లపై జరిగి 2020లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనంలో ఎలక్ట్రానిక్ రికార్డులకు సగటున 45.9 మాత్రమే వచ్చింది. అందువల్ల 'మా వ్యవస్థ మిగతావాటి కన్నా మెరుగు' అని ఎవరైనా అంటే, ఆ మిగతావి ఎక్కడ నిలిచి ఉన్నాయో గుర్తుంచుకోవాలి.

ఈ మార్కుకు మన విషయంలో మరో పరిమితి ఉంది. అది వాడేవారి తృప్తిని చెబుతుంది గానీ రోగి సమాచారం ఎక్కడ జారిపోతోందో చెప్పదు. పైగా ఇలాంటి సర్వేల్లో డాక్టర్ల గొంతే ఎక్కువగా వినిపిస్తుంది. డిమెన్షియా రోగి రోజులో అధిక భాగం గడిపేది నర్సులు, ఆయాలు, ఫిజియోథెరపిస్టుల చేతుల్లో. డాక్టరుకు ఎంతో నచ్చిన వ్యవస్థ నర్సుకు నరకంగా మారిన సందర్భాలు కొత్తవేమీ కావు. రెండు ఉత్పత్తుల మార్కులను పోల్చేటప్పుడు ఆ మార్కులు ఎవరు వేశారో తప్పకుండా అడగండి.

మొదటి స్క్రీన్ మీద ఏముంది

పోలికలో ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటు ఇదే. రోగి రికార్డు తెరవగానే కనిపించే స్క్రీన్ మీద కొన్ని విషయాలు ఉండి తీరాలి. డిమెన్షియా నిర్ధారణ అయిందా, అనుమానం మాత్రమే ఉందా. జబ్బు పడకముందు ఆయన మామూలు స్థితి ఏమిటి, అంటే తనంతట తాను నడిచేవారా, తినేవారా, ఇంట్లోవారిని గుర్తుపట్టేవారా. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఉన్నాయా. ఏ భాషలో, ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు. ఏది ఆయన్ను బెదరగొడుతుంది, ఏది శాంతపరుస్తుంది. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. ఇవి వైద్య పరిభాషలో గొప్ప విషయాలు కాకపోవచ్చు. కానీ తెల్లవారుజామున రెండింటికి మంచం దిగి వెళ్లిపోతానంటున్న మనిషికి మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలా, లేక ఆయన కూతురితో ఫోన్‌లో మాట్లాడిస్తే సరిపోతుందా అన్నది వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

బ్రిటన్‌లోని అల్జైమర్స్ సొసైటీ రూపొందించిన 'దిస్ ఈజ్ మీ' అనే పత్రం ఈ వివరాలను కుటుంబం చేత రాయించడానికే పుట్టింది, అక్కడి ఆసుపత్రుల్లో బాగా వాడుకలో ఉంది. ఇలాంటి పత్రాన్ని ఎలక్ట్రానిక్ రికార్డులోకి తెచ్చే పద్ధతులు మూడు. మొదటిది, కాగితాన్ని స్కాన్ చేసి డాక్యుమెంట్ల విభాగంలో పెట్టడం. ఇది అన్నిటికన్నా చవక, కానీ బీరువాలో పెట్టి తాళంచెవి పారేయడంతో సమానం. అత్యవసరంలో ఎవరూ ఆ పీడీఎఫ్‌ను తెరవరు. రెండవది, నర్సు దాన్ని స్వేచ్ఛగా ఒక నోట్‌లా రాయడం. రాసిన రోజు బాగానే కనిపిస్తుంది, మూడు రోజులు తిరిగేసరికి వందల నోట్ల కింద పడిపోతుంది. మూడవది, ముఖ్యమైన అంశాలకు నిర్ణీత గడులు, వాటి పక్కన సొంత మాటల్లో రాసుకోవడానికి కొద్దిపాటి చోటు, ఆ మొత్తం మొదటి స్క్రీన్ మీదే స్థిరంగా కనిపించే ఏర్పాటు. నా దృష్టిలో ఈ మూడవదాన్ని చేయలేని వ్యవస్థను, దానికి మరే ఆకర్షణ ఉన్నా, పక్కన పెట్టవచ్చు.

అయితే గడులు ఉన్నంత మాత్రాన పని జరగదు. ఒకసారి నమోదైన వివరాలు తరువాతి అడ్మిషన్‌కు వాటంతటవే రావాలి, అలా వచ్చినప్పుడు వాటి తేదీ కనిపించాలి, 'ఇవి ఇప్పటికీ నిజమేనా' అని కుటుంబాన్ని అడిగి ధ్రువీకరించమని వ్యవస్థ నర్సుకు గుర్తుచేయాలి. డిమెన్షియాలో నిరుటి మామూలు స్థితి ఈ ఏటి మామూలు స్థితి కాదు. తేదీ లేని వివరం, వివరం లేకపోవడం కన్నా ప్రమాదకరం కావచ్చు.

కాపీ చేసి అతికించే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఇరవై మూడు వేలకు పైగా ప్రోగ్రెస్ నోట్లను (రోగి స్థితిపై రోజూ రాసే నోట్లను) పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, నోట్లలోని పాఠ్యంలో 18 శాతం మాత్రమే కొత్తగా టైపు చేసినదని, 46 శాతం పాత నోట్ల నుంచి కాపీ చేసినదని, మిగిలిన 36 శాతం రికార్డులోని ఇతర భాగాల నుంచి దించుకున్నదని తేలింది. 'స్పృహలో ఉన్నారు, కాలం, స్థలం, మనుషులు తెలుస్తున్నాయి' అన్న టెంప్లేట్ వాక్యం డిమెన్షియా రోగి నోట్‌లో రోజూ అలాగే కొనసాగుతుంటే, నిజంగా మార్పు వచ్చిన రోజున దాన్ని పట్టుకునే ఆధారమే ఉండదు. కాపీ అయిన భాగాన్ని వేరే రంగులో చూపించే సౌకర్యం, మానసిక స్థితి గడిని మాత్రం ముందే నింపకుండా ఖాళీగా ఉంచే సౌకర్యం ఉన్నాయేమో డెమోలో అడిగి చూడండి.

రోగి ఫోటో సంగతి చాలామంది అలంకారమనుకుంటారు. పేరు, పుట్టిన తేదీ అడిగి సరిచూసుకునే పద్ధతి డిమెన్షియా రోగి దగ్గర పనిచేయదు. వేరే పేరుతో పిలిచినా 'ఆ' అనేవారు ఉంటారు. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, స్క్రీన్ మీద రోగి ఫోటో కనిపించినప్పుడు ఒకరి ఆర్డరు మరొకరికి రాసే పొరపాట్లు స్పష్టంగా తగ్గాయి. రోగి వార్డు దాటి వెళ్లిపోయినప్పుడు వెతకడానికీ అదే ఫోటో అక్కరకు వస్తుంది.

డెలిరియం: హఠాత్తుగా వచ్చే మార్పును చూపగలదా

డిమెన్షియా నెలలు, ఏళ్లు పట్టి ముదురుతుంది. డెలిరియం, అంటే హఠాత్తుగా కమ్మే మానసిక అయోమయం, గంటల్లో, రోజుల్లో వస్తుంది, పూటపూటకూ మారుతుంది, దాని వెనుక ఇన్ఫెక్షనో, మందు ప్రభావమో, ఆక్సిజన్ తగ్గడమో ఉంటుంది. డిమెన్షియా ఉన్నవారికి డెలిరియం వచ్చే అవకాశం ఎక్కువ, దాన్ని 'వయసు, మతిమరుపు' అని వదిలేసే ప్రమాదం అంతకన్నా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ-11లో డెలిరియానికి 6డి70, డిమెన్షియా రకాలకు 6డి80 నుంచి మొదలయ్యే కోడ్‌లు వేరువేరుగా ఉన్నాయి. మీరు చూస్తున్న వ్యవస్థ సమస్యల జాబితాలో ఈ రెండూ పక్కపక్కన నిలబడగలగాలి. రెండింటినీ 'కన్‌ఫ్యూజన్' అనే ఒకే డబ్బాలో వేయమనే వ్యవస్థతో చిక్కే.

డెలిరియాన్ని పసిగట్టడానికి ఎడిన్‌బరోలో పుట్టిన 4ఏటీ పరీక్షను ఉదాహరణగా తీసుకుందాం. మెలకువ స్థాయి, నాలుగు చిన్న ప్రశ్నలు, నెలల పేర్లను వెనక నుంచి చెప్పించడం, హఠాత్తుగా వచ్చిన మార్పు లేదా హెచ్చుతగ్గులు ఉన్నాయా అన్న పరిశీలన, ఇంతే. రెండు నిమిషాల్లో పూర్తవుతుంది. మొత్తం 12లో 4 లేదా అంతకు మించి వస్తే డెలిరియం ఉండవచ్చు. 1 నుంచి 3 వస్తే జ్ఞాపకశక్తి లోపాన్ని విడిగా పరీక్షించాలి. ఈ పరీక్షను ఒక వ్యవస్థ 'ఫారం'గా మాత్రమే ఇస్తే సంఖ్య నమోదవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. మరో వ్యవస్థ నాలుగో అంశం నింపేటప్పుడు కుటుంబం చెప్పిన మామూలు స్థితిని అదే స్క్రీన్‌లో పక్కన చూపిస్తుంది, మొత్తాన్ని తానే కూడుతుంది, షిఫ్టుల వారీగా గీతలా గీసి చూపిస్తుంది, 4 లేదా అంతకు మించితే ఏ మందులు, ఏ పరీక్షలు చూసుకోవాలో ఒక ఆర్డర్ సెట్‌ను (ముందే కూర్చి పెట్టిన ఆర్డర్ల జాబితాను) ముందుంచుతుంది. బ్రోచర్లలో రెండింటికీ '4ఏటీ ఉంది' అనే రాసి ఉంటుంది. తేడా తెలియాలంటే వాడి చూడాలి.

పరీక్షల హక్కుల మాట కూడా ముందే తేల్చుకోవాలి. 4ఏటీని ఉచితంగా వాడుకోవచ్చు. జ్ఞాపకశక్తిని, ఆలోచనా శక్తిని కొలిచే 1975 నాటి మినీ మెంటల్ స్టేట్ పరీక్షకు కాపీరైటు ఉంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో చేర్చడానికి అనుమతి కావాలి. అలాంటిదే అయిన మాంట్రియల్ (మోకా) పరీక్షకూ అనుమతి, శిక్షణ షరతులున్నాయి. ఈ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించకపోతే, ఆ ఫారం ఎప్పటికీ 'త్వరలో వస్తుంది' అన్న స్థితిలోనే ఉండిపోతుంది.

నొప్పి, ఆహారం

నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె వేయమనే గడి దాదాపు అన్ని వ్యవస్థల్లోనూ తప్పనిసరిగా ఉంటుంది. రోగి జవాబు చెప్పలేనప్పుడు, స్క్రీన్ ముందుకు కదలాలి గనుక, నర్సు 0 వేసి వెళ్లిపోతారు. తుంటి విరిగిన మనిషికి నొప్పి లేదన్న రికార్డు అలా తయారవుతుంది. డిమెన్షియా నమోదై ఉంటే ఆ గడి దానంతటదే పెయినాడ్ వంటి పరిశీలన స్కేలుకు మారాలి. ఇది శ్వాస, మూలుగులు, ముఖకవళికలు, శరీర భంగిమ, ఓదారిస్తే ఊరట పొందుతున్నారా అన్న అయిదు అంశాలకు 0 నుంచి 2 చొప్పున మార్కులు వేసి, మొత్తాన్ని పదిలో చెప్పే పద్ధతి. 'చెప్పలేకపోయారు' అని నమోదు చేసే వీలు కనీసమైనా ఉండాలి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి ఇచ్చే ఆహార స్థాయి, అంతర్జాతీయ ఐడీడీఎస్ఐ పద్ధతిలో 0 నుంచి 7 వరకు, డైటీషియన్ నోట్‌లో ఆగిపోకుండా భోజనాల జాబితాలోకి చేరుతుందో లేదో కూడా చూడండి.

మందులు, అలర్టులు

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక లక్షణాలను అణిచే) మందులకు, 2008లో పాత తరం వాటికి, డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెరుగుతుందని అత్యంత తీవ్రమైన హెచ్చరికను జారీ చేసింది. లెవీ బాడీ అనే రకం డిమెన్షియాలో హాలోపెరిడాల్ వంటి పాత తరం మందులు తీవ్రమైన కండరాల బిగుతును, ఇతర ప్రమాదాలను తెస్తాయి. జ్ఞాపకశక్తి కోసం డొనెపెజిల్ ఇస్తూనే మూత్రాశయం కోసం ఆక్సిబ్యూటినిన్ ఇవ్వడం ఒక చేత్తో మెదడులో సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలీన్‌ను పెంచి, మరో చేత్తో దాని పనిని అడ్డుకోవడమే. ఇవన్నీ తెలిసిన సంగతులే. వ్యవస్థ వీటిని డాక్టరుకు ఎలా గుర్తుచేస్తుందన్నదే మన పోలికలోని అంశం.

సులువైన దారి ప్రతిదానికీ ఒక పాప్-అప్ అలర్టు పెట్టడం. మందుల భద్రతా అలర్టుల్లో 49 నుంచి 96 శాతం వరకు డాక్టర్లు దాటేసి వెళ్లిపోతున్నారని 2006 నాటి ఒక సమీక్ష తేల్చింది. కాబట్టి అలర్టుల సంఖ్యను గొప్పగా చెప్పుకునే కంపెనీని చూసి నేనైతే జంకుతాను. ఇంతకన్నా మెరుగైన పద్ధతి, తప్పు చేయడం కష్టమయ్యేలా ఆర్డర్ స్క్రీన్‌నే మలచడం. వృద్ధుల కోసం తయారైన ఆర్డర్ సెట్‌లో మోతాదులు తక్కువ నుంచి మొదలవ్వాలి. నిద్ర పట్టడానికి డైఫెన్‌హైడ్రమీన్ (మత్తు కలిగించే అలర్జీ మందు) ఆ జాబితాలో అసలు కనిపించకూడదు. యాంటీసైకోటిక్ రాస్తే ఏ లక్షణం కోసమో, ఎప్పుడు ఆపాలో రాయకుండా ఆర్డరు పూర్తి కాకూడదు. డిశ్చార్జి సమయంలో ఆ మందు మళ్లీ ఒకసారి ప్రశ్నగా ముందుకు రావాలి. వార్డులో రెండు రాత్రుల కోసం మొదలుపెట్టిన మాత్ర డిశ్చార్జి సమ్మరీతో పాటు ఇంటికి వెళ్లి నెలల తరబడి కొనసాగడానికి కారణం ఎవరి దురుద్దేశమూ కాదు. పాత జాబితాను యథాతథంగా దించే బటనే.

అలర్టులను ఏ వార్డులో, ఏ స్థాయిలో చూపాలో ఆసుపత్రే మార్చుకోగలదా, ఎన్ని దాటేశారో ప్రతి నెలా నివేదిక వస్తుందా అన్న రెండు ప్రశ్నలకు అవునన్న జవాబు రావాలి.

కుటుంబం, అనుమతులు

రోగి తన రికార్డును ఇంటి నుంచి చూసుకునే పోర్టల్ పాస్‌వర్డును కొడుకో కోడలో వాడుకోవడం ప్రతిచోటా జరిగేదే. దానివల్ల ఏ సందేశం ఎవరు పంపారో తెలియదు, రోగి దాచుకోదలచిన విషయాలకూ రక్షణ ఉండదు. సంరక్షకులకు వేరే లాగిన్, అందులో ఏమేం చూడవచ్చో స్థాయిలు, అవసరమైతే వెనక్కు తీసుకునే వీలు, ఎవరు ఎప్పుడు చూశారో చిట్టా, ఈ నాలుగూ ఉన్న వ్యవస్థ మేలు. ఇంకా మంచిది, కుటుంబ సభ్యులు ఇంటి నుంచే మామూలు స్థితి వివరాలను రాసి పంపగలగడం. నర్సు వాటిని చూసి ఆమోదిస్తే మొదటి స్క్రీన్‌లోకి చేరతాయి.

నిర్ణయ సామర్థ్యం గురించి ఒక్క మాట. 'సామర్థ్యం ఉంది / లేదు' అని రోగి పేరు పక్కన ఒకే టిక్కు పెట్టించే వ్యవస్థలు ఉన్నాయి. సామర్థ్యం ఫలానా నిర్ణయానికి, ఫలానా సమయానికి సంబంధించినది. ఆపరేషన్‌కు సమ్మతి ఇవ్వలేని మనిషి, ఏ కూర కావాలో, తన మంచం పక్కన ఎవరుండాలో చెప్పగలడు. ప్రతి అంచనాకూ నిర్ణయం, తేదీ, అంచనా వేసిన వ్యక్తి, కారణం విడిగా రాసే ఏర్పాటు లేకపోతే, ఆ ఒక్క టిక్కు ఆ మనిషి మాటను ఏళ్ల తరబడి చెల్లకుండా చేస్తుంది.

ఎంచుకోవలసిన మార్గాలు

మార్కెట్‌లో కనిపించే దారులు ప్రధానంగా నాలుగు.

ఎపిక్, ఒరాకిల్ హెల్త్, మెడిటెక్ వంటి సమగ్ర వ్యవస్థలు మొదటివి. అత్యవసర విభాగం నుంచి డిశ్చార్జి వరకు అంతా ఒకే రికార్డు కావడం వీటి అసలు బలం. డిమెన్షియా రోగి ఎన్ని విభాగాలు మారితే అంత అయోమయానికి గురవుతాడు గనుక, సమాచారం చేతులు మారేచోట్ల తెగకుండా ఉండటం చిన్న విషయం కాదు. పైన చెప్పిన మొదటి స్క్రీన్, షిఫ్టువారీ గ్రాఫు, ఆర్డర్ సెట్‌లు వీటిలో సాధ్యమే. అయితే 'సాధ్యం' అంటే పెట్టె తెరవగానే ఉంటాయని కాదు. ఆసుపత్రి కూర్చుని తయారు చేయించుకోవాలి. దానికి సొంత ఐటీ బృందం, వృద్ధుల వైద్యం తెలిసిన డాక్టరు, నర్సు ప్రతినిధి ఉండాలి. అవి లేకుండా కొంటే ఖరీదైన టైపు మిషన్ మిగులుతుంది.

రెండవది, దీర్ఘకాల సంరక్షణ గృహాల కోసం తయారైన పాయింట్‌క్లిక్‌కేర్ తరహా వ్యవస్థలు. రోజువారీ అలవాట్లు, నడక, భోజనం, పుండ్ల నివారణ, ప్రవర్తన మార్పులు వీటిలో సహజంగా ఇమిడి ఉంటాయి, ఎందుకంటే వాటి వాడుకరులు మొదటి నుంచీ నర్సులు, ఆయాలే. లోటు మరోవైపు ఉంది: సర్జరీ, ఐసీయూ, సంక్లిష్టమైన ల్యాబు ఆర్డర్లకు ఇవి పుట్టలేదు. ఎక్కువకాలం రోగులు ఉండే పునరావాస కేంద్రాలకు, వృద్ధుల మానసిక వైద్య విభాగాలకు నప్పుతాయి. సాధారణ ఆసుపత్రికి ఏకైక రికార్డుగా నేను సూచించను.

మూడవది, 2004లో మొదలైన ఓపెన్‌ఎమ్‌ఆర్‌ఎస్, దాని మీద కట్టిన బాహ్మ్ని వంటి ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని మార్చుకోగల) వ్యవస్థలు. లైసెన్సు రుసుము లేదు, ఫారాలను మీకు కావలసిన రీతిలో, మీ భాషలో తయారు చేసుకోవచ్చు. పెయినాడ్, 4ఏటీ, కుటుంబ వివరాల పత్రం వంటివి చేర్చడానికి కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఖర్చు పూర్తిగా తప్పిపోదు. సర్వర్, బ్యాకప్, మందుల డేటాబేసు, అర్ధరాత్రి వ్యవస్థ ఆగిపోతే లేపవలసిన మనిషి, ఇవన్నీ ఆసుపత్రి బాధ్యతే అవుతాయి. మందుల పరస్పర చర్యల హెచ్చరికలు ఈ దారిలో ప్రత్యేకంగా పరీక్షించవలసిన అంశం.

నాలుగవది చాలామంది పట్టించుకోనిది: ఇప్పుడున్న రికార్డును మార్చకుండా, డిమెన్షియాకు కావలసిన భాగాన్ని అందులోనే కట్టించడం లేదా ఒక యాప్‌ను జోడించడం. ఆరోగ్య సమాచారాన్ని వ్యవస్థల మధ్య పంచుకునే ఫైర్ (FHIR) ప్రమాణాన్ని పాటించే వ్యవస్థల్లో, దాని మీద కట్టిన స్మార్ట్ ఆన్ ఫైర్ పద్ధతిలో బయటి యాప్ రికార్డు లోపలే తెరుచుకుంటుంది, వేరే లాగిన్ అడగదు. ఈ చివరి మాట ముఖ్యం. వేరే లాగిన్, వేరే కంప్యూటర్, వేరే రోగి జాబితా ఉన్న యాప్‌ను రద్దీ వార్డులో ఎక్కువ రోజులు ఎవరూ వాడరు. యాప్‌లో నమోదు చేసినది తిరిగి ప్రధాన రికార్డులోకి రాయబడుతుందా, లేక యాప్‌లోనే బందీ అవుతుందా అన్నది కూడా తేల్చుకోవాలి.

కాగితం, కంప్యూటరు రెండూ నడిపే మిశ్రమ పద్ధతిని అయిదవ దారిగా లెక్కించడం లేదు. డిమెన్షియా రోగి సమాచారం రెండు చోట్ల ఉందంటే, కావలసింది ఎప్పుడూ రెండో చోట ఉంటుంది.

పరీక్షించే తీరు

డెమోను కంపెనీ మనిషి నడపకూడదు, మీ నర్సు నడపాలి. కనీసం అయిదుగురు నర్సులు, అయిదుగురు జూనియర్ డాక్టర్లు, వీలైతే ఇద్దరు ముగ్గురు సంరక్షకుల చేత, శిక్షణ పొందిన కొద్దిసేపటికే, కొన్ని సన్నివేశాలు చేయించండి. అయిదుగురు అనడానికి కారణం ఉంది: ఒక తరహా వాడుకరుల్లో అయిదుగురిని గమనిస్తే పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన సూత్రం చాలాకాలంగా ఆచరణలో ఉంది. ఒక్కో వృత్తికి ఒక్కో అయిదుగురు కావాలి.

సన్నివేశాలు ఇలా ఉండవచ్చు. రాత్రి రెండు గంటలకు రోగి కేకలు వేస్తున్నారు, ఆయన్ను శాంతపరిచేది ఏమిటో, ఎవరికి ఫోన్ చేయాలో కనుక్కోండి. నిన్న ఉదయానికీ ఇప్పటికీ మెలకువ స్థాయిలో మార్పుందా చెప్పండి. జవాబు చెప్పలేని రోగి నొప్పిని నమోదు చేయండి. గత అడ్మిషన్‌లో మొదలైన యాంటీసైకోటిక్ ఎందుకు మొదలైందో వెతకండి. కూతురు చెప్పిన కొత్త వివరంతో పాత వివరాన్ని సరిదిద్దండి. ప్రతిదానికీ పట్టిన సమయం, తప్పు దారిలో వేసిన అడుగులు, సహాయం అడిగిన సందర్భాలు రాసుకోండి. మొదటి సన్నివేశానికి అర నిమిషం దాటితే ఆ వ్యవస్థకు నేను పాస్ మార్కు వేయను. ఈ పని నైట్ షిఫ్టులో, వార్డులోని అసలు కంప్యూటరు మీద, అసలు వైఫైతో చేస్తే సమావేశ గదిలో కనిపించని లోపాలు బయటికి వస్తాయి. మంచం దగ్గరికి తీసుకెళ్లే పరికరం విషయంలో కూడా ఇక్కడే స్పష్టత వస్తుంది: చక్రాల బల్ల మీది కంప్యూటరు శబ్దం కొందరు రోగులను బెదరగొడుతుంది, నర్సు చూపు స్క్రీన్ మీదే ఉంటే రోగి మరింత అసహనపడతాడు, ట్యాబ్లెట్ పక్కన పెట్టి ముఖం చూస్తూ మాట్లాడటం తేలిక, కానీ దాని మీద పొడవైన నోట్ టైపు చేయడం కష్టం. రెండూ ఉండి, రెండింటిలోనూ ఒకే మొదటి స్క్రీన్ కనిపించడం ఉత్తమం.

ఎవరికి ఏది

ఇప్పటికే సమగ్ర వ్యవస్థ నడుస్తున్న పెద్ద ఆసుపత్రి కొత్తది కొనడం గురించి ఆలోచించకుండా నాలుగవ దారినే ముందు ప్రయత్నించాలి. నేను చూసినంతలో లోపం సాధారణంగా ఉత్పత్తిలో కాదు, దాన్ని అమర్చుకున్న తీరులో ఉంటుంది. వ్యవస్థ మార్పు జరిగిన కాలంలో సిబ్బంది అందరూ కొత్తవారిలా తడబడతారు, ఆ తడబాటుకు ముందు గురయ్యేది తన సంగతి తాను చెప్పుకోలేని రోగే. ఉన్నదాన్నే మలచినా మొదటి స్క్రీన్ సాధ్యం కాదని కంపెనీ రాతపూర్వకంగా చెప్పినప్పుడే మార్పు వైపు చూడాలి.

కొత్తగా కొంటున్న మధ్యస్థాయి సాధారణ ఆసుపత్రి, సొంత ఐటీ సిబ్బంది ఉంటే సమగ్ర వ్యవస్థకూ ఓపెన్ సోర్స్‌కూ మధ్య ఎంచుకోవచ్చు. బిల్లింగు, బీమా సంక్లిష్టత ఎక్కువైతే మొదటిది, భాషా ఫారాలు, తరచు మార్పులు ముఖ్యమైతే రెండవది. ఐటీ సిబ్బంది లేకుండా ఓపెన్ సోర్స్ వైపు వెళ్లవద్దు. పునరావాస కేంద్రం, వృద్ధుల విభాగం మాత్రమే ఉన్న సంస్థ దీర్ఘకాల సంరక్షణ వ్యవస్థను తీసుకుని, రోగులను పంపే పెద్ద ఆసుపత్రితో ఫైర్ ద్వారా అనుసంధానం అడగాలి. ఆ అనుసంధానంలో మందుల జాబితా, అలర్జీలు మాత్రమే కాక, మామూలు స్థితి వివరాలు కూడా ప్రయాణిస్తాయా అన్నది చూసి సంతకం పెట్టాలి. చాలా అనుసంధానాలు మొదటి రెండింటితోనే ఆగిపోతాయి.

ఏ దారి పట్టినా టెండరు పత్రంలో నాలుగు షరతులు ఉంచండి. ఫారంలో ఒక గడి మార్చడానికి ఎన్ని రోజులు, ఎంత రుసుము అన్నది ముందే అంకెల్లో రాయించాలి. మొత్తం డేటాను ప్రామాణిక రూపంలో బయటికి తీసుకునే హక్కు మీదే అయి ఉండాలి. నిజమైన రోగుల వివరాలు లేని శిక్షణ వ్యవస్థ ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి, ఎందుకంటే కొత్త నర్సులు ప్రతి నెలా వస్తూనే ఉంటారు. మీరు చేసిన వాడుక పరీక్షల ఫలితాలను ఇతర ఆసుపత్రులతో పంచుకోకుండా అడ్డుపడే నిబంధన ఒప్పందంలో ఉంటే దాన్ని తీయించాలి. మార్కుల కేటాయింపులో పైన చెప్పిన సన్నివేశాల పరీక్షకు ధరతో సమానమైన బరువు ఇవ్వండి, ఆ పరీక్ష చేసిన నర్సుల్లో ఒకరికి ఎంపిక కమిటీలో ఓటు ఇవ్వండి.